ఈత మాస్టారి భార్య

"నువ్వొద్దమ్మా. నాన్న దువ్వుతాడు," అంది పాప, తల్లి చేతిలోంచి దువ్వెన లాక్కుని.

ఆమెకి ఒళ్ళు భగ్గున మండింది. నిన్నమొన్నటిదాకా జడ అల్లడానికి ఎన్ని పాయలు తీయాలో తెలియని మనిషి, భుజాన తడి తువ్వాలు వేసుకుని, ఈల వేస్తూ వచ్చి కూర్చున్నాడు. పైగా ఈలొకటి!

"నీకు ఆఫీసుకి టైమవుతోందిగా, వెళ్ళు. మేం చూసుకుంటాంలే," అన్నాడు భర్త.

మేమట, మేం! తనేదో ఈ ఇంట్లో అద్దెకున్నట్టు.

నిజానికి కుళ్ళుకోవాల్సింది అతను. ఇద్దరూ ఒకే కంపెనీలో, ఒకే టీములో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళు. కిందటేడు కంపెనీ సగం టీముని ఇంటికి పంపేసింది. ఆ రోజు పాపకి జ్వరమని ఆమె సెలవు పెట్టింది. సాయంత్రం అతను కాఫీ మగ్గునీ, కుర్చీ దిండునీ ఓ అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చి, "నన్ను తీసేశారు. నువ్వున్నావులే," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె బావురుమంది. అలా ఏడుస్తూనే లోపల ఓ మూల మురిసిపోయింది కూడా. టీములో అందరికీ పని నేర్పిన మనిషిని కాదని తనని ఉంచుకున్నారంటే మాటలా? ఆ మురిపెం మాత్రం ఎవరి దగ్గరా బయటపెట్టలేదు.

మొదట్లో అతని అవస్థ చూడలేకపోయింది. ఇంటర్వ్యూలకి వెళ్ళడం, ముఖం వేలాడేసుకుని తిరిగి రావడం. ఎవరైనా ఫోన్ చేసి "ఇప్పుడేం చేస్తున్నావ్?" అంటే బాల్కనీలోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడేవాడు. అంతలో వీధి చివరి ఈతకొలనులో పిల్లలకి నేర్పే మనిషి మానేశాడని తెలిసింది. చిన్నప్పుడు పోటీల్లో ఈదినవాణ్ణే కదా, వేరే ఉద్యోగం దొరికేదాకా చేద్దామని అందులో దిగాడు. దిగినవాడు మళ్ళీ గట్టెక్కితే కదా!

ఇప్పుడతనికి ఆకలి దంచేస్తోంది. మధ్యాహ్నం హాయిగా కునుకు తీస్తాడు. ఎండకి నల్లబడ్డాడన్న మాటేగానీ వయసు సగానికి దిగినట్టున్నాడు. వీధిలోకొస్తే చాలు, పిల్లలు "మాస్టారూ!" అంటూ వెంటపడతారు. పక్కన నడిచే ఆమె ఎవరంటే, మాస్టారి భార్య.

ఇక ఆమె బతుకు చూడాలి. పోయినవాళ్ళ పనంతా ఉన్నవాళ్ళ నెత్తిన పడింది. కంచం పక్కన లాప్‌టాప్, మెడలో నొప్పి. పాప బొమ్మ గీసి తెచ్చి చూపిస్తే తల తిప్పకుండానే "ఊఁ" అనేది. ఉద్యోగం పోయిన మొగుణ్ణి చూసి ఏడ్చే ఆడది లోకంలో నేనొక్కదాన్నే కాబోలు అని ఆమెకే సిగ్గేసేది. సిగ్గేసినంత మాత్రాన అసూయ తగ్గి చస్తుందా?

ఆదివారం ఆమె కూడా కొలను దగ్గరికి వెళ్ళింది. పాప తండ్రి చేతుల మీద నీళ్ళలో తేలుతోంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. అటు తిరిగి రెండు మాటలు మాట్లాడిందో లేదో, వెనక ఒకటే చప్పట్లు. ఇటు తిరిగేసరికి పాప అవతలి గట్టు పట్టుకుని రొప్పుతోంది.

"నాన్నా, చూశావా! ఒక్కదాన్నే వచ్చేశా!"

"మళ్ళీ ఒకసారి ఈదవే తల్లీ, నేను చూస్తాను," అంది ఆమె.

"అలిసిపోయానమ్మా."

ఆమె గట్టు మీద కూలబడింది. భర్త తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకేంలే, హాయిగా ఉన్నావు," అంది.

"అలవాటు చేసుకున్నా."

"పాత ఉద్యోగం మళ్ళీ ఇస్తామంటే వెళ్తావా?"

"ఇప్పుడెందుకా మాట? నీ ఉద్యోగం బాగుందిగా, అది చాలు."

"వెళ్తావా, వెళ్ళవా?"

"ఇంటికి అవసరమైతే వెళ్తా. ఎందుకెళ్ళను?"

ఆ ఒక్క ముక్క చాలు ఆమెకి. మర్నాడు పొద్దున్నే మేనేజర్ గదిలో ఉంది. కిందటేడు ఒక్కొక్కరినీ పిలిచి ఇంటికెళ్ళమని చెప్పింది ఈ పెద్దాయనే.

"సార్, నేను మానేస్తాను. నా సీటు మావారికి ఇచ్చేయండి."

"ఏమ్మా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదు సార్. ఆయన నాకంటే పనిమంతులు. ఆయన్ని తీసేసి మీరు అన్యాయం చేశారు. ఆయన పైకి నవ్వుతారు గానీ పాపం, లోపల్లోపల కుమిలిపోతున్నారు."

ఎంత సాఫీగా వచ్చిందో అబద్ధం! ఆమె కళ్ళ ముందు మాత్రం ఎండలో మెరిసే కొలను ఉంది, దువ్వెన పట్టుకుని తన దగ్గరికే పరుగెత్తుకొచ్చే పాప ఉంది. అతనొచ్చి ఈ కుర్చీలో కొన్నాళ్ళు కూర్చుంటే గానీ మెడనొప్పంటే ఏమిటో తెలియదు. తెలియనీ.

"ఇద్దరం ఒకే ఇంటివాళ్ళం కదా సార్. పైవాళ్ళకి ఒక మాట చెప్పి మార్పించండి."

మేనేజర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొగుడూ పెళ్ళాల మధ్య సీటు మార్చడానికి ఒకసారి వాళ్ళని ఎలాగో ఒప్పించానమ్మా. రెండోసారి ఒప్పుకోరు."

"ఒకసారా? ఎప్పుడు సార్?"

ఆయన ఆశ్చర్యంగా తలెత్తాడు. "మీవారు మీకు చెప్పలేదా?"

"ఏమని సార్?"

"ఆ రోజు మేం తీసేసింది మిమ్మల్నమ్మా."