తేలికైన గురి

“ఇది పెట్టుకో చాచా. ముప్పై గజాల నుంచి కొట్టినా తప్పదు” అంటూ పశువుల డాక్టర్ రామ్‌ప్రసాద్ గురి చూసే గొట్టంలాంటి సైటును తుపాకీ మీద బిగించాడు.

అది ఒంటిచేత్తో పట్టుకునే పొట్టి తుపాకీ. గుండుకు బదులు మత్తు సూదిని విసురుతుంది. జోగులు దాన్ని అందుకుని, కొబ్బరిచెట్టుకు కట్టిన గోనెసంచి కేసి గురిపెట్టాడు. తుపాకీ మూతి మెల్లగా కిందికి వాలింది. మందులేని సూది సంచికి జానెడు కిందనుంచి దూసుకుపోయి గడ్డిలో పడింది.

“బరువు బాబూ. ఒకపాలి ఇరిగిన మణికట్టు, ఆగట్నేదు. ఇంకా హల్కాగా ఉన్నది నేదేటి?”

దీవిలో మాయాబందర్ దాటాక అడవి అంచున ఉన్న ఏనుగుల క్యాంపు అది. జోగులు ముప్పై రెండేళ్లుగా అక్కడ మావటి. అందులో ఇరవై ఆరేళ్లు ఝుంకీ అనే ఆడ ఏనుగు ఒక్కదానితోనే గడిచాయి. దుంగలు లాగే పని ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఝుంకీని మెయిన్‌లాండ్‌లోని ఏనుగుల సంరక్షణ కేంద్రానికి పంపేస్తున్నారు. వారంలో బార్జ్ ఓడ వస్తుంది. రెండో మావటి మల్లేశు దాంతోపాటు వెళ్లి అక్కడే ఉండిపోతాడు. జోగులుకు వచ్చే నెల రిటైర్మెంటు. ఇంట్లో భార్య కామమ్మ మంచాన పడి ఉంది. ఆమెను వదిలి అతను కదలలేడు.

ఓడెక్కేముందు ఝుంకీ వెనక కాలి పుండును కోసి శుభ్రం చేయాలి. ఆ కాలి దగ్గరికి అది ఎవర్నీ రానివ్వదు, జోగుల్ని కూడా. అందుకే ఈ మత్తు సూది. కొత్త మనిషిని చూస్తే అడవిలోకి పరుగెడుతుంది కాబట్టి, వెనకటి డాక్టర్ల దగ్గర ఎన్నోసార్లు సూది కొట్టిన అనుభవం ఉన్న జోగులే కొడతానన్నాడు.

రామ్‌ప్రసాద్ రెండో సైటు తీశాడు. బ్యాటరీతో ఎర్రచుక్క వెలిగేది. దాంతో కూడా తుపాకీ వణికింది. మూడోది బొటనవేలంత ఉంది. చిన్న చట్రం, మధ్యలో సన్నని పుల్ల. అది బిగించాక జోగులు మూడు సూదులు కొట్టాడు. మూడూ సంచిలో దిగాయి.

“బస్, ఇదే సాలు.”

“అది పది గజాలకే పనికొస్తుంది చాచా! పదిగజాల్లో నిలబడితే నిన్ను చూడదా? గొట్టం సైటైతే ఆ పడౌక్ చెట్టు చాటునుంచి కొట్టొచ్చు. తుపాకీని కొమ్మకు ఆనించుకో.”

“కొమ్మకానించి కొట్టడం నాకు సేతకాదు బాబూ.”

“నువ్వు కొట్టావని దానికి తెలిసిందంటే ఇక నీ దగ్గరికి రాదు. ఉన్నదే వారం. ఈ వారమైనా హాయిగా గడపరా ఇద్దరూ?”

“నాకు తెల్దేటి? పొదలు దగ్గరగానే ఉన్నాయి కదా. నక్కి కొడతాను.”

రామ్‌ప్రసాద్ మిగతా సైట్లు పెట్టెలో సర్దుతూ పాత సంగతి గుర్తుచేసుకున్నాడు. రెండేళ్ల కిందట జోగులు మలేరియాతో పోర్ట్‌బ్లెయిర్ ఆస్పత్రిలో నలభై రోజులున్నాడు. ఆ నలభై రోజులూ ఝుంకీ క్యాంపు గేటుకేసి చూస్తూ నిలబడింది. ముద్ద పెడితే నోట్లోంచి జారవిడిచింది. ఎముకలు తేలిన ఆ ఒంటికి సెలైన్ పెట్టింది తనే. జోగులు బస్సు దిగి కేకేసిన రోజున అది గొలుసు తెంపుకుని వచ్చి, అతని తలంతా తొండంతో తడిమింది.

ఎండ ముదరకముందే పని మొదలైంది. ఝుంకీ వాగు ఒడ్డున వెదురు మేస్తోంది. డాక్టరూ మల్లేశూ దూరంగా జీపు వెనక నిలబడ్డారు. జోగులు తుపాకీతో పొదల్లోకి దూరాడు.

కాసేపటికి పొద కదిలింది. జోగులు బయటికొచ్చాడు. నేరుగా ఝుంకీ ఎదుటికి, ఆరుబయట.

“అరే, చాచా!” రామ్‌ప్రసాద్ జీపు చాటునుంచే గొంతు తగ్గించి పిలిచాడు.

“ఝుంకీ!” అని పిలిచాడు జోగులు. “ఇటు సూడమ్మా!”

అది తలెత్తింది. చెవులు ముందుకు చాచి, గుర్తుపట్టి, తొండం ఊపుకుంటూ రెండడుగులు వేసింది. జోగులు తుపాకీ ఎత్తాడు. సూది దాని భుజంలో దిగింది.

ఝుంకీ అరిచిన అరుపు వాగు అవతలిదాకా వినబడింది. అది పారిపోలేదు, మీదికీ రాలేదు. మత్తు కమ్మేదాకా అతన్నే చూస్తూ నిలబడింది.

పుండు కోశారు, కడిగారు, మందు పెట్టారు. విరుగుడు ఇచ్చాక మధ్యాహ్నానికల్లా ఝుంకీ తేరుకుంది. జోగులు అరటిగెల భుజాన వేసుకుని దగ్గరికెళ్లాడు. అది చెవులు విదిల్చి, వెనక్కి వెనక్కి జరిగింది. అతను ఇంకో అడుగు వేస్తే తొండం ముడిచి ఘీంకరించింది. గెలను మల్లేశు చేతికిచ్చి, జోగులు పక్కకు తప్పుకున్నాడు. కాసేపు తటపటాయించి, అది మల్లేశు చేతిలో పండు అందుకుంది.

రామ్‌ప్రసాద్‌కు కోపం ఆగలేదు. “చెబితే విన్నావా? పొదల్లోంచి ఎందుకొచ్చావు బయటికి? పైగా పేరుపెట్టి పిలవడం ఒకటి! ఇరవై ఆరేళ్లు పెంచినవాడివి, ఒక్క సూదితో శత్రువైపోయావు.”

జోగులు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఝుంకీ మరో పండు అందుకోవడం చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

“అక్కడ నా కోసం ఎదురుసూడదు బాబూ.”