బావమరిది అమ్మిన కారు

"గాలెందుకు కొట్టించారండీ? తమ్ముడు వద్దన్నాడుగా!" కారు కదలగానే భార్య గయ్యిమంది.

"టైర్లు నేలకి అతుక్కుపోయి ఉండేవి. మలుపు తిప్పితే చాలు, పడవలా ఊగేది. అందుకే బంకులో నింపించాను. చూడు, ఇప్పుడెంత బుద్ధిగా తిరుగుతోందో!"

"టైర్ల జోలికి పోకండి బావా, గాలి నా చేత్తో సరిచేశాను" అని మరీ మరీ చెప్పి అమ్మాడు బావమరిది. ఆ రోజు కారు దూది మీద నడిచినట్టు నడిచింది. మనింటివాడు కాబట్టే ఇంత మంచి బండి ఇచ్చాడని మురిసిపోయి, భర్త ఇంకో ప్రశ్న వేయలేదు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కారు కింద ఇనుము ఇనుముని కొట్టుకున్నట్టు దడదడమంది. తర్వాతి గుంతలోనూ అంతే.

పక్కకి ఆపి, దిగి, చక్రాల వెనక తొంగిచూశాడు. షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారి కారి మట్టితో గడ్డకట్టి ఉంది. మెత్తటి టైర్లు ఇన్నాళ్లూ ఆ చప్పుడుని మింగేశాయి.

"వాడికి తెలియదేమోలే," అన్నాడు, మనసొప్పక. "తెలిస్తే సొంత అక్కకి అంటగడతాడా?"

స్టీరింగు ఎప్పుడూ ముట్టుకోని భార్య కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నడిరోడ్డు మీద ఈ పరీక్షలెందుకండీ? నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేయండి. ఆ చప్పుడిక వినబడదు."

అతను మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

ఆమె కిటికీ అద్దం పైకెత్తేసింది.