డ్రాగన్‌రాజు చచ్చిన ఆదివారం

డ్రాగన్‌రాజు సేయిగోని మళ్లీ కాల్చి బూడిద చేశాడు. వీడియో ఆటలో అతన్ని పంపిన కోట రాజుగారు తెర మీద బతికించి కూర్చోబెట్టి, నిన్ను నమ్ముకున్నందుకు నన్ననాలి అన్నట్టు నాలుగు చీవాట్లు పెట్టాడు. సేయిగో కంట్రోలర్ తీసి గోడకేసి కొట్టాడు.

"పదహారేళ్లప్పుడు బడి ఎగ్గొట్టి మరీ వీణ్ణి చంపాను. ఇప్పుడు చంపలేని చెయ్యి బస్సేం తోలుతుంది?" అన్నాడు భార్యతో. "ఇంక ఫిజియోథెరపీ లేదు, గాడిదగుడ్డూ లేదు. సోమవారం నేను రాను."

నగావోకా ఊళ్లో ఏళ్ల తరబడి సిటీ బస్సు తోలిన మనిషి. వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం పడిపోయింది. వ్యాయామం మానకపోతే తిరిగొస్తుందన్నాడు డాక్టరు. మానితే ఇంతేనని కూడా అన్నాడు. ఆ పాత ఆట మొదటి మూడు భాగాలూ కలిపి కొత్తగా అమ్ముతున్నారని తెలిసి, వేళ్లకి కాస్త పని ఉంటుందని ఫుసాయె కొనుక్కొచ్చింది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

ఆమె మరిది మిత్సురుకి ఫోన్ చేసింది.

"మీ అన్నయ్యకి నువ్వైనా చెప్పు. నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు."

మిత్సురు ఆదివారం వచ్చాడు. కళ్లద్దాల దుకాణం నడుపుకునే మెతక మనిషి. వచ్చి చెప్పిన హితబోధ ఏమీ లేదు. సంచిలోంచి ఒక కంట్రోలర్ తీసి అన్న చేతిలో పెట్టాడు.

"ఆ పాతదాంట్లో ఏదో లోపం ఉండుంటుంది అన్నయ్యా. దీంతో ఆడి చూడు."

"నేను చెప్పలా?" అని సేయిగో పెళ్లాం వైపు చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడు అంటారు దీన్నే" అంది ఫుసాయె.

కొతాత్సు బల్ల కింద హీటరు వేసి ఉంది. మిత్సురు అన్న పక్కన చతికిలబడి, బల్ల చుట్టూ వేలాడే దుప్పటిని నడుం దాకా లాక్కుని, చేతులు రెండూ లోపల పెట్టేసుకున్నాడు. ఇంటి ముందు మోకాళ్ల ఎత్తు మంచు పేరుకుపోయి ఉంది. నేను తీస్తాలే వదినా అని మాటవరసకైనా అనలేదు. ఫుసాయెకు ఒళ్లు మండింది. చిన్నప్పుడూ ఇంతేనట. అన్న ఆడుతుంటే ఈయనగారు వెనక కూర్చుని చూసేవాడట. ఒక్కసారి ఇవ్వమంటే మొట్టికాయ పడేదట. యాభై ఏళ్లొచ్చినా ప్రమోషన్ రాలేదు.

ఆట మొదలైంది. సేయిగోకి నోరు మూసుకుని ఆడటం చేతకాదు. బస్సులో స్టాపుల పేర్లు చెప్పీ చెప్పీ పట్టుబడిన అలవాటు కాబోలు, వేసే ప్రతి అడుగూ పైకి చెబుతాడు.

"ఎడమకి తిరిగాం. మెట్ల దగ్గర ఆగాం. ఇప్పటి ఆటల్లో ఎక్కితే ఎక్కినట్టే. ఇందులో ఎక్కుతానని అర్జీ పెట్టుకోవాలి. ఎవడు చేశాడో గానీ వాడి చేతులు విరగ."

ఆ తిట్టు ఆ ఇంట్లో ఎవరికి తగులుతుందో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. మళ్లీ మొదలెట్టాడు.

"కొట్టమన్నాను. కొట్టరా. ఆఁ, ఇప్పుడు కొట్టాడు. నొక్కాక టీ తాగి వస్తున్నట్టున్నాడు వీడు."

"మీ వేలు సరిగ్గా పడలేదేమో" అంది ఫుసాయె.

"వేలు బాగానే పడింది. ఆటకి వయసు మీద పడింది, నీకులాగే."

మిత్సురు నవ్వను కూడా లేదు. బెల్లం కొట్టిన రాయిలా టీవీకేసి చూస్తున్నాడు. ముందు పెట్టిన టీ చల్లారిపోయింది. కమలాపండు ఒక్క తొన కూడా ముట్టలేదు. సేయిగో ముక్కు కారుతోందని టిష్యూ అడిగాడు. డబ్బా మిత్సురు మోచేతి పక్కనే ఉంది. అతను కదల్లేదు. వంటింట్లోంచి ఫుసాయె వచ్చి అందించింది.

"పక్షవాతం మీ అన్నయ్యకా, నీకా?"

"చలిగా ఉంది వదినా" అన్నాడు మిత్సురు. నుదుటి మీంచి చెమట కారుతోంది.

ఇలాంటివాణ్ణా సాయానికి పిలిచాను అని ఆమె తన్ను తాను తిట్టుకుంది.

డ్రాగన్‌రాజు గుహ వచ్చింది. ఫుసాయె చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి కూర్చుంది. ఇప్పుడు ఓడితే రేపు ఆసుపత్రి లేదు, ఆ తర్వాత బస్సూ లేదు. జన్మలో ఆటలంటే గిట్టని మనిషి తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"మూలికలు తిను. తిన్నాడు. కత్తి తియ్యి. నిప్పు ఊదాడు వెధవ, ఊదనీ. మళ్లీ మూలికలు. ఇప్పుడు కొట్టు. ఇంకొక్కటి."

డ్రాగన్‌రాజు కుప్పకూలాడు. తెర మీద బాకాలు మోగాయి.

సేయిగో టీవీ వంక చూడలేదు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా గొంతు పెంచాడు.

"రేపు ఆరింటికే లేపు. ఆసుపత్రికి ఆలస్యమైతే నీ సంగతి చెబుతా."

"అలాగేనండీ" అంది ఫుసాయె. 

"ఒరే, వచ్చే ఆదివారం రెండో భాగం. నువ్వూ రా. ఆడనివ్వను గానీ, చూద్దువు గాని."

"వస్తాను అన్నయ్యా."

సేయిగో కంట్రోలర్ బల్ల మీద పెట్టి, వేళ్లు ముడిచి తెరుచుకుంటూ స్నానానికి వెళ్లాడు.

"నువ్వింక లేస్తావా, తొక్కలు ఊడవాలి" అంటూ ఫుసాయె విసురుగా దుప్పటి ఎత్తేసరికి, మరిది ఒళ్లో కొంకర్లు పోయిన వేళ్ల మధ్య ఇంకో కంట్రోలర్ పచ్చదీపంతో వెలుగుతోంది, బల్ల మీద సేయిగో పెట్టి వెళ్లినదాంట్లో దీపం అసలు వెలగనే లేదు.