పురుగును గొడ్డుచేసే బిళ్ల

కోడలు మహజబీన్ బిళ్ల నోట్లో వేసుకోబోతుంటే హజరా బీ ఆమె చెయ్యి పట్టి గుంజింది. బిళ్ల ఎగిరిపోయి, బడి వరండా గచ్చు మీద పడింది.

"ఉమ్మెయ్! మింగినావంటే సూడు!"

"ఇంకా నోట్లో పెట్టుకోనే లేదత్తా," అంది మహజబీన్ బిత్తరపోయి.

వరుసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. బల్ల దగ్గర పేర్లు పిలిచి పొట్లాలిస్తున్న ప్రజ్ఞ లేచి నిలబడింది. డాక్టరు చదివి, బోదకాలు తెప్పించే పురుగుల మీద పరిశోధన చేస్తున్న మనిషి. పక్షం కిందట ఆదోని నుంచి వచ్చి, గోనెగండ్ల పక్కనున్న ఈ ఊళ్లో ఇంటింటా రక్తం, ఆడవాళ్ల దగ్గర మూత్రం కూడా పట్టుకుపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏమైందో నువ్వే సెప్పల్ల మేడమ్!" హజరా బీ చీర అంచు కాస్త పైకి లాగి, మోకాలి కిందనుంచి దిమ్మలా వాచిన ఎడమకాలు ముందుకు పెట్టింది. "కాలు వాసింది నాకి. బిళ్లలు దానికా?"

"ఆమె రక్తంలో కూడా పురుగు ఉన్నట్టు తేలింది. కాలు వాచేదాకా ఎందుకు ఆగాలని ఇస్తున్నాం."

"దీంతో పురుగు సస్తాదా?"

ప్రజ్ఞ కళ్లు మెరిశాయి. ఏళ్లుగా ఆమె పగలూ రాత్రీ ఆలోచించేది ఆ సంగతే. "ఇది నేరుగా పురుగును చంపే మందు కాదమ్మా. ఆ పురుగు ఒంట్లో కంటికి కనపడని చిన్న జీవి ఒకటి కాపురముంటుంది. దానికి పురుగు కావాలి, పురుగుకు అది కావాలి. ఆరువారాలు ఈ బిళ్లలు వేసుకుంటే ముందు ఆ చిన్న జీవి చస్తుంది. దాంతో పురుగు గొడ్డుపోతుంది. ఇంక పిల్లల్ని పెట్టదు. మెల్లమెల్లగా అదీ చస్తుంది."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాటే వరండా అంతా పాకింది. గొడ్డు. ముందు నిలబడ్డ రూత్ తన పొట్లాన్ని తెచ్చి బల్ల మీద పెట్టేసింది.

"పురుగు గొడ్డుపోతే పురుగున్న మనిషి గతేంది?" వెనకనుంచి దుర్గప్ప అడిగాడు.

"మనిషికేమీ కాదు. ఇది కొత్త మందు కూడా కాదు, జ్వరాలకు ఏండ్ల తరబడి వాడుతున్నదే."

"ఒంట్లో ఉన్న పురుగును గొడ్డు సేసే మందు, ఒంటిని ఇడిసిపెడ్తాదా?" అంది హజరా బీ. "నా కొడుకు మున్నాకు పెండ్లయి మూడేండ్లాయ. మొక్కని దర్గా లేదు. ఇది ఇంకా నీళ్లోసుకోలే. ఉండే ఆశను కూడా నీ బిళ్లతో తుడిసిపెడ్తావా?"

మహజబీన్ తల దించుకుంది. నలుగురిలో ఆ మాట పడడం ఆమెకు కొత్త కాదు.

"కాలు రోగానికి ఉచ్చతో ఏం పని?" హజరా బీ ఆగలేదు. "ఎవరు కంటారు, ఎవరు కనరని లెక్క తీస్తాండావు. అంతే గదా?"

"ఎందుకో ఆరోజే అందరికీ చెప్పాను కదమ్మా."

"నేను పత్తి తీసేకి పోతాంటి. ఉచ్చ బుడ్డి నీ చేతికిచ్చి పోతి. ఏమి ఇనలే."

ప్రజ్ఞ చేతిలోని జాబితాను మడిచింది. ఆ మడవడం హజరా బీ కంట పడింది.

"అందరి పేర్లూ పిలిసినావు. నా పేరేది?"

"అవునక్కా, నీ ఎనకోళ్లను కూడా పిలిసింది," అంది రూత్.

"మీకు ఇవ్వడం లేదమ్మా," అంది ప్రజ్ఞ మెల్లగా.

"ఇన్నారా!" హజరా బీ జనం వైపు తిరిగింది. "కాలు వాసినదానికి బిళ్లల్లేవంట! పిల్లల్ని కనాల్సినదానికి ఉండాయంట! ఇంకేం కావల్ల మీకి?"

పొట్లాలు ఒకటొకటిగా బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ప్రజ్ఞ వాటివైపు చూడలేదు. బల్ల చుట్టూ తిరిగివచ్చి హజరా బీ భుజం మీద చెయ్యి వేసింది.

"ఒక్క నిమిషం గదిలోకి రండి. మీకొక్కరికే చెప్పాలి."

హజరా బీ తన కాలివైపు చూసుకుంది. కాలు తీసెయ్యాలంటుందా? మందుకు కూడా అందని స్థితికి వచ్చిందా తను? కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

తలుపు దగ్గరికి వేస్తూ ప్రజ్ఞ అంది: "మీ కోడలు బయట ఉంటే మంచిదేమో."

"అది నా బిడ్డ లెక్క. దాని ముందరే సెప్పు."

"ఈ బిళ్లలు కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. మూత్ర పరీక్ష అందుకే. ఊరు మొత్తం మీద ఒక్కరికే కడుపని తేలింది. అది మీ ఇంట్లోనే."

హజరా బీ కోడలిని వాటేసుకుంది. "యా అల్లా! నా తల్లీ! మున్నాకు ఫోన్ సెయ్యే, ఆటో యాడున్నా నిలిపి ఇంటికి రమ్మను!" ఆమె కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి. మహజబీన్ మాత్రం అయోమయంగా చూస్తూ నిలబడింది.

ఉన్నట్టుండి హజరా బీ ముఖం ఎర్రబడింది. కోడలిని వదిలి ప్రజ్ఞ మీదికి వచ్చింది.

"కడుపుతో ఉండేదానికి బిళ్లలెట్ల ఇచ్చినావే నువ్వు?"

"ఇవ్వలేదమ్మా," అంది ప్రజ్ఞ, గొంతు బాగా తగ్గించి. "కడుపుతో ఉన్నది ఆమె కాదు, మీరు."