గుండు హీరోకి పెళ్లయిందా, లేదా

“తప్పు. గంపలెత్తుకుని వచ్చిన దారినే వెళ్లండి,” అన్నాడు ముత్యాబా.

అప్పటిదాకా పకపకలాడుతున్న జనం నోళ్లు మూతపడ్డాయి. ఎదురెదురుగా రెండు పందిళ్లు. ఇటు పిల్ల తరఫువాళ్లు, అటు పిల్లాడి తరఫువాళ్లు. మధ్యలో అరటి గెలలు, పంచదార బస్తాలు, ఉల్లిపాయల గంపలు, విసుగెత్తి అరుస్తున్న ఒక మేక. పిల్లనడగడానికి వచ్చినవాళ్లను అడ్డమైన ప్రశ్నలతో కాసేపు ఏడిపించడం మా కట్వే పేటలో మామూలే. ఆ తర్వాత అందరూ నవ్వుకుని గంపలు లోపలికి చేరవేస్తారు. గంపలు లోపలికెళితేనే సంబంధం ఖాయమైనట్టు. కానీ ఇవాళ పిల్ల తండ్రి ముత్యాబా నవ్వడం లేదు.

ఆయన ప్రశ్నలన్నీ తొంభైల మీదే. మనిషి ఇవాళ్టి కంపాలాలోనే ఉంటాడు గానీ మనసు మాత్రం ఆ రోజులు దాటి రాలేదు. పిల్లాడి తరఫున మాట్లాడటానికి వచ్చిన కిబిరంగో మహా నోరున్నవాడు, పైగా ఆ కాలం సంగతులన్నీ బాగా చదువుకుని వచ్చాడు. అప్పట్లో ఊరి పక్క సరస్సంతా గుర్రపుడెక్క అల్లుకుని పడవలు కదలని సంగతి చెప్పాడు. ఎఫ్ఎం రేడియో కొత్తగా వచ్చినప్పుడు తమ పేరు గాలిలో వినబడాలని జనం పడ్డ తిప్పలు చెప్పాడు. ఆనాటి సబ్బు ప్రకటన పాడి వినిపిస్తే ముసలమ్మలు ఈలలేశారు. ఆఖరికి సినిమా దగ్గర బోల్తా పడ్డాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఆడిన కరాటే సినిమాలో హీరో చివరికి ఏమయ్యాడని అడిగితే, గుండు కొట్టించుకుని సన్యాసుల్లో కలిశాడన్నాడు.

“వాడికి పెళ్లయింది,” అన్నాడు ముత్యాబా.

“లేదండీ పెద్దాయనా. కావాలంటే ఫోన్లో చూపిస్తాను.”

“నీ ఫోన్ నాకెందుకయ్యా, నేను కళ్లారా చూస్తే. గుండు కొట్టించుకున్నాడు, గంటలు మోగాయి, పిల్ల బోరుమని ఏడ్చింది. పెళ్లి కాకపోతే అదేంటి?”

“పెళ్లికి గుండెందుకండీ?”

“వాళ్ల దేశంలో అది ఆచారం. లుబోవా బాబాయ్ మైకులో చెప్పాడు.”

లుబోవా చెప్పాడంటే ఇంక మాట్లాడేదేముంది. అప్పట్లో వీడియో హాల్లో పరాయి భాష సినిమా ఆడుతుంటే, టీవీ పక్కన మైకు పట్టుకుని కథంతా మా భాషలో చెప్పింది ఆయనే. ఆయన నోట్లోంచి వచ్చిందే కట్వేకి సినిమా.

“పోనిద్దురూ, ఏదో ఒకటి అయ్యాడు,” అంది ముత్యాబా భార్య నకాయిజా. “అవతల మటోకే అరటిముద్ద చల్లారిపోతోంది. గంపలు లోపల పెట్టించండి.”

“ఎలా పోనిస్తానే? ఆ హాల్లోంచి బయటికొచ్చి, గుండువాడికున్న పాటి ధైర్యం నాకు లేదా అనుకుని, నన్ను పెళ్లి చేసుకుంటావా అని నిన్నడిగింది ఎవరు? నేను. ఈ కాపురమంతా ఆ ముగింపులోంచే వచ్చింది. దాన్ని పట్టుకుని తప్పంటాడా?”

గుమ్మం చాటు నుంచి పెళ్లికూతురు నలుంగా తల బయటపెట్టింది. అలంకారం చేసుకుని పొద్దుటి నుంచీ కూర్చుందేమో, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

“నాన్నా, ఎవడిదో గుండు కోసం నా పెళ్లి ఆపేస్తావా?”

“ఆపేస్తానమ్మా. అంత మంచి ముగింపుని ఒప్పుకోనివాళ్లు నిన్నేం చూసుకుంటారు?”

కిబిరంగోకి పౌరుషం వచ్చింది. ముందు వరసలో పెద్ద కుర్చీలో కూర్చున్న లుబోవా వైపు చెయ్యి చూపించాడు.

“కథ చెప్పినాయన ఇక్కడే ఉన్నాడుగా, ఆయన్నే అడుగుదాం. నాది తప్పైతే ఈ గంపలు నేనే మోసుకుపోతాను. మీది తప్పైతే?”

“నోరు మూసుకుని లోపల పెట్టిస్తాను.”

పెళ్లికొడుకు మయంజా గాభరాగా కిబిరంగో చొక్కా పట్టుకుని లాగాడు. “అన్నా, పిల్ల నాది. పందెం కాయడానికి నువ్వెవరివి?”

అప్పటికే మైకు ముసలాయన చేతికి వెళ్లిపోయింది. లుబోవా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“పాత సంగతులు ఇప్పుడెందుకు ముత్యాబా? భోజనాలు కానీ.”

“చెప్పాల్సిందే బాబాయ్. నిన్ను పిలిచిందే నా కథకి సాక్షిగా ఉంటావని.”

ముసలాయన ఒకసారి ఆడవాళ్ల వైపు చూశాడు. నకాయిజా వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఆయన నిట్టూర్చాడు.

“ఆ కుర్రాడు చెప్పిందే నిజం. వాడు సన్యాసుల్లోనే కలిశాడు. ఆ పిల్ల ఏడ్చింది కూడా అందుకే.”

అవతలి పందిట్లో డప్పులు మోగాయి. పిల్ల తండ్రి మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో మయంజా స్నేహితులు గంపలెత్తుకుని ఇంట్లోకి పరుగు తీశారు. మేక కూడా వెళ్లిపోయింది. ముత్యాబా వాళ్లను ఆపలేదు, కనీసం అటు చూడలేదు. ఉన్న కాస్త గర్వం జారిపోయిన మొహంతో లుబోవా ముందు కూలబడ్డాడు. చూస్తే జాలేసింది.

“మరి పెళ్లయిందని నాకెందుకు చెప్పావు బాబాయ్?”

“నన్నడుగుతావేం నాయనా, మీ ఆవిణ్ణి అడుగు,” అన్నాడు లుబోవా. “ఆట మొదలవకముందే కోడిపుంజుని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ‘నా పక్కన కూర్చునేవాడు ఏళ్ల తరబడి నోరు విప్పడం లేదు బాబాయ్, ఈ ఒక్క ఆటకీ ఆ గుండువాడికి పెళ్లి చేసెయ్’ అని బతిమాలింది.”