అట్ట లేని పుస్తకం

"సార్, నాకు ఇంకా అర్థం కాలేదు," అంది వెనక బెంచీ అవ్వ.

క్లాసంతా గొల్లుమంది.

ఇండోనేషియాలోని జోగ్జాలో అది ఇంగ్లీషు వాక్య నిర్మాణం క్లాసు. ప్రసేత్యో సార్ ఒక్కో వాక్యాన్నీ విడదీసి, బోర్డు మీద కొమ్మలతో చెట్టులా గీస్తారు. ఏ మాట ఏ కొమ్మకు చేరుతుందో చెప్పలేకపోతే మార్కుల్లేవు.

లరాస్ ఆ పేపరు రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే యూనివర్సిటీలో పేరు కొట్టేస్తారు. ఊరికి బస్సెక్కి, అక్కతో కలిసి కర్రపెండలం చిప్స్ వేయించుకోవడమే.

అయినా ఒక్క ప్రశ్న అడగలేదు. నలుగురిలో తెలియదని ఒప్పుకోవడం కన్నా తప్పడమే నయమనుకునే పిల్లలు వాళ్లంతా.

అవ్వకి ఆ సిగ్గు లేదు. డెబ్బై దాటిన మనిషి. ఎవరో ఏమిటో, ఆ టర్ములోనే వచ్చి కూర్చుంది. ఈ కొమ్మ అక్కడే ఎందుకుండాలి, తీసేస్తే ఏమవుతుంది అని రోజూ సార్ ప్రాణం తీసేది. సార్ మాత్రం విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచీ చెప్పేవారు.

"ఈ ముసలమ్మ పాసయ్యేసరికి మనకి మనవలు పుడతారు," అన్నాడు పక్క బెంచీ దమార్.

లరాస్ కూడా నవ్వింది. అవ్వ అడిగేవన్నీ తన గొంతులో అడ్డుపడ్డ ప్రశ్నలేనని తెలిసీ నవ్వింది.

ఒకరోజు అవ్వ చేతులు ఖాళీగా ఉండటం చూసి, లరాస్ జాలిపడి తన పాఠ్యపుస్తకం చూసుకోమని ఇచ్చింది.

అవ్వ అటూ ఇటూ తిప్పింది. "అట్టేదే తల్లీ?"

"జిరాక్స్ కదవ్వా. అట్ట కూడా ఎవరు తీయిస్తారు, దండగ."

అవ్వ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. ఇందులో నవ్వడానికి ఏముందో లరాస్‌కి తెలియలేదు.

పరీక్షలో చెట్లన్నీ చకచకా గీసేసింది లరాస్. అవ్వ అడగ్గా అడగ్గా అన్నీ నోటికొచ్చేశాయి మరి.

ఫలితాలొచ్చి పాసైన రోజు, అవ్వకని వేడివేడి అరటిపండు బజ్జీలు కట్టించుకుని క్లాసుకి పరుగెత్తింది. వెనక బెంచీ ఖాళీగా ఉంది.

"ఆవిడ శుక్రవారం పోయారమ్మా," అన్నారు సార్. "రేపు ఏడో రోజు ప్రార్థన. రా."

మర్నాడు అవ్వ ఇంట్లో చాపమీద సార్ పక్కన కూర్చుంది లరాస్. నవ్వినందుకు తలెత్తలేకపోతోంది.

"పిల్లలు నోరు విప్పడం లేదని ఒకసారి ఆవిడ దగ్గర మొత్తుకున్నాను," అన్నారు సార్ మెల్లగా. "'వాళ్ల బదులు నేనొచ్చి అడుగుతాలే, ఎవరికీ చెప్పకు' అన్నారు."

లరాస్ తలెత్తింది.

ఎదురుగా బల్లమీద, పూల పక్కన, తాము జిరాక్స్ తీయించుకున్న పుస్తకమే అట్టతో సహా ఉంది. ఆ అట్టమీద, రాసినవారి పేరు కింద, చేతిలో సుద్దముక్కతో వెనక బెంచీ అవ్వ నవ్వుతోంది.