ఒకే చోట నాలుగు దెబ్బలు

"ఆపు ఆ మాయదారి పెట్టె!" అంటూ కంచరి తన చెవుల మీది హెడ్‌ఫోన్ లాగి బల్ల మీద పడేశాడు.

కూతురు కంప్యూటర్‌లో పాట ఆపింది. అది ఆమె పాటలు తయారు చేసుకునే గది. గోడలకు దళసరి గుడ్డలు, బల్ల మీద రెండు స్పీకర్లు. పోయిన వారం తండ్రి అంగట్లో మైకు పెట్టి, ఆయన రాగి పాత్ర కొడుతున్న చప్పుడంతా పట్టుకొచ్చింది. దాంతో ఒక పాటకు తాళం కట్టింది. రేపు మధ్యాహ్నం ఆ పాట రేడియోలో వస్తుంది. సుత్తి పట్టినవాడి పేరు కూడా చెబుతారు.

"బాగాలేదా నాన్నా?"

"టంగుమని ఒక్కటి కొట్టాను. టంగ్, టంగ్, టంగుమని తక్కిన మూడూ ఎవడు కొట్టాడు?"

"ఎవరూ కొట్టలేదు. దాన్ని డిలే అంటారు. ఒక్క దెబ్బ ఇస్తే చాలు, కాస్త ఆగి అదే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ఎంత ఆగాలో నేను చెబుతాను. అట్లా తాళం వస్తుంది. ఇదిగో చూడు."

తెర మీద బొత్తం ఒకటి జరిపింది. స్పీకర్లలోంచి దెబ్బలు గుర్రం పరిగెత్తినట్టు వచ్చాయి.

"ఇప్పుడు ఎనిమిది! ఇంక పాత్రెక్కడ మిగిలిందే?"

"పాత్రకేమైంది?"

"ఒకే చోట ఎనిమిది దెబ్బలేస్తే రేకు పల్చబడి చిల్లి పడదూ? దెబ్బ పక్కన దెబ్బ పడాలి. చోటు మారితే మోత మారాలి. రేపు మా వీధిలో పది అంగళ్ళవాళ్ళు వింటారు. 'ముసలాడు ఒక్కచోటే బాదుతున్నాడు, పనికి చెడ్డాడు' అనుకోరూ? ఎల్లుండి నుంచి నా గడప ఎవడు తొక్కుతాడు?"

"పాట వినేవాళ్ళు చిల్లులు లెక్కపెట్టరు నాన్నా."

"మావాళ్ళు పెడతారు. వాళ్ళకంతకంటే పనేముంది? కొట్టని దెబ్బలు కొట్టానని నా పేరుతో చెప్పించడం దొంగసాక్ష్యం కాదూ?"

కూతురు నవ్వాపుకుంది. ఆయనకు ఇంకా మండింది.

"ఆ రోజు ఆరువందల దెబ్బలు కొట్టాను. అన్నీ పట్టుకున్నావుగా? వాటినే వినిపించు. నా చేతికి లేని తాళం నీ పెట్టెకెక్కడిది?"

"అవొద్దులే నాన్నా."

"ఎందుకొద్దు?"

"పాటకి కుదరవు."

"నలభై ఏళ్ళ చెయ్యి కుదరదు, నిన్నగాక మొన్న కొన్న పెట్టె కుదురుతుందీ? కన్నతండ్రి పనంటే అంత చులకనైపోయిందా నీకు? వెయ్యవే ముందు!"

ఆమె ఆ రోజు పట్టుకొచ్చిన చప్పుడు వెతికి తెర మీద తెరిచింది. తర్వాత నొక్కింది.

కంచరి కళ్ళు మూసుకుని విన్నాడు. ఇరవై దెబ్బలైనా కాకముందే బల్ల మీద గుద్దాడు.

"నావి అడిగితే ఎవడివో పెట్టావేం?"

దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

"విను! ఇది అంచు తగిలింది. ఇది జారింది. ఇదిగో, ఇక్కడ సుత్తి ఎత్తలేక దించేశాడు. వీడు పాత్ర కొడుతున్నాడా, తలుపు తడుతున్నాడా? ఇట్లాంటివాణ్ణి దాగలి దిమ్మ దగ్గరికి రానివ్వకూడదు. వీళ్ళ వల్లే మా పనికి చెడ్డపేరు. ఏ అంగడివాడో చెప్పు, ఇప్పుడే పోయి ఆ సుత్తి లాక్కొస్తాను!"

ఆమె చప్పుడు ఆపింది. ఆయన మొహం వంక చూడలేదు.

"నువ్వే నాన్నా! ఆ ఆరువందల్లో రెండు రోజులు వెతికితే, సరిగ్గా పడ్డది ఒక్కటే దొరికింది."